శేషు పథ్యం

జమ్మలమడుగులో ఆదినారాయణ, శ్యామలమ్మ పెంచుకుంటున్న లాబ్రడార్ కుక్క పేరు శేషు. ఇంట్లో ఎవరూ వాడిని ‘అది’ అనరు. ఏడాదిగా వాడికి కడుపు నిలకడగా లేదు. కొన్నాళ్లు బాగుంటాడు, మళ్లీ నీళ్ల విరేచనాలు, వాంతులు. పక్కటెముకలు బయటికి కనిపించేంత చిక్కిపోయాడు. చివరికి ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు ఫరహత్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె రక్తపరీక్ష, స్కానింగ్ చేయించి, పేగుల్లో వాపు ఉందని తేల్చింది.

“ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు సార్. అదుపులో పెట్టుకోవాల. మాత్రలు రాసిస్తా, వారం వారం ఇంజెక్షన్‌కు తీసుకురండి. కొవ్వు లేని కోడిమాంసం, అన్నం, గుమ్మడికాయ ఉడకబెట్టి పెట్టండి. ఉప్పు, కారం, నూనె వద్దు. ఇంకేదీ నోట్లో పడగూడదు.”

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కు. శేషు పొద్దున్నే వీధి మీద పడతాడు. పక్కింటి ఖమర్‌బీ చాయ్‌లో బిస్కట్ ముంచి పెడుతుంది. ఎదురింటి మాబున్ని వాడి కోసం బిర్యానీ అట్టిపెడుతుంది. ఇక మలుపులో బజ్జీల బండి ఉండనే ఉంది. గేటుకు తాళం వేస్తే గోడ మీదుగా అందించారు. “ఒక్క ముక్కకు ఏమైతాది మామా” అన్నారందరూ.

దాంతో ఆదినారాయణ ఆటోకు మైకు కట్టించి, దాన్ని నడిపే అన్సర్ చేత ఊరంతా చెప్పించాడు. “ఆదినారాయణ గారి శేషుకు పేగుల జబ్బు చేసింది. ఎవరూ ఏమీ పెట్టాకండి. మాంసం అసలే పెట్టాకండి!”

ఆటో తన వీధిలోకి వచ్చాక ఆదినారాయణ ఆపాడు. “కుక్క అని చెప్పల్యా ఏందిరా?”

“బిడ్డ మాదిరి సాకుతాండావు కదా మామా. కుక్క అంటే నొచ్చుకుంటావని ఇడిసిపెట్టినా.”

అప్పటికే ఎవరో దాన్ని రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టారు. అది పులివెందుల చేరేసరికి ఆదినారాయణకు శేషు అనే రహస్య కొడుకు పుట్టేశాడు.

మర్నాడు శ్యామలమ్మ తమ్ముడు ఓబులేసు పులివెందుల పక్కనున్న లింగాల నుంచి కారులో దిగాడు. బావతో పొలం గట్టు తగాదా వల్ల అతను కొన్నేళ్లుగా ఈ గడప తొక్కలేదు. ఇంట్లో కుక్క ఉన్న సంగతే తెలియదు. ఆపిల్ పండ్లు, బ్రెడ్డు పట్టుకొని నేరుగా వంటింట్లోకి పోయి, గుమ్మడికాయ తరుగుతున్న అక్క పక్కన కూలబడ్డాడు.

“అక్కా, శేషును ఇంట్లోకి ఎట్లా రానిచ్చినావు?”

“ఏం చేయాలప్పా. మీ బావ ఒకరోజు ఎర్రగుంట్ల నుంచి చంకనేసుకొని వచ్చినాడు. ఆ కండ్లు చూస్తే వద్దనబుద్ధి కాల్యా.”

“ఎర్రగుంట్లనా!” ఓబులేసు పళ్లు నూరాడు. “తల్లి యాడుంది?”

“ఆడనే ఉంది. ఇంకో ఐదుగురు పిల్లలు కూడానంట.”

“ఆరుమందా!”

“అంతా ఒకే కాన్పు.”

ఓబులేసు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “ఇప్పుడు యాడుండాడు?”

“వరండాలో గొలుసేసి కట్టేసినా. ఇడిస్తే ఎవురింట్లో పడితే వాళ్లింట్లో తింటాండాడు.”

ఓబులేసు కళ్లలో నీళ్లు తిరిగాయి. “బావ చేసిన పనికి ఆ బిడ్డను కట్టేస్తావా అక్కా!” అంటూ సంచులతో సహా వరండాలోకి పరుగెత్తాడు.

శ్యామలమ్మ చేతులు తుడుచుకొని వచ్చేసరికి ఓబులేసు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. శేషు అతని ఛాతీ మీద ముందుకాళ్లు పెట్టి బ్రెడ్డు కవరుతో సహా ముగిస్తున్నాడు.

“శేషు అంటే వీడా?”

“మరెవరనుకుంటివి?”

ఓబులేసు గుమ్మంలో నిలబడిన బావ వైపు చూశాడు. “ఏం లేదులే” అన్నాడు.

సాయంత్రానికే శేషు కడుపు మళ్లీ చెడింది. ఓబులేసే కారులో ప్రొద్దుటూరు తీసుకెళ్లాడు. దారిలో వెనక సీటంతా పాడైనా కారు ఆపలేదు.

“బ్రెడ్డు ఎవరు పెట్టినారు?” అని ఫరహత్ గద్దించింది.

“నేనే డాక్టరమ్మా. మనిషనుకొని పరామర్శకు పోయినా.”

ఆమె అతన్ని ఒకసారి తేరిపార చూసి, సెలైన్ పెట్టించి, పథ్యం మొదటినుంచి మొదలుపెట్టమంది.

ఓబులేసు లింగాలకు వెళ్లలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. అతని కోపం ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మాబున్ని బిర్యానీ గిన్నెతో సగం దూరం వచ్చి తిరిగిపోయింది. పరామర్శకు వచ్చిన బంధువులను, “పిల్లోడు నిద్రపోతాండాడు, పండ్లు ఈడ పెట్టి పోండి” అని గేటు నుంచే పంపేశాడు. శేషు ముక్కుకు తాలింపు వాసన తగలకూడదని శ్యామలమ్మ ఒకే కుండ పొయ్యి మీద పెట్టింది. ఉప్పులేని గుమ్మడికాయ, కోడిమాంసం, అన్నం. బావాబావమరుదులు ఎదురెదురుగా కూర్చొని అదే తిన్నారు. గట్టు సంగతి ఎత్తే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

ఒక ఉదయం పెరట్లోంచి ఓబులేసు కేక పెట్టాడు. “అక్కా! బావా! రాండి, జల్దీ రాండి!”

ఇద్దరూ పడుతూ లేస్తూ వెళ్లారు. శేషు తోక ఊపుతూ పక్కకు జరిగాడు. ముగ్గురూ వంగి చూశారు. విరేచనం గట్టిపడింది, రంగు కూడా బాగుంది. శ్యామలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆదినారాయణ ఫొటో తీసి డాక్టరుకు పంపాడు.

“చాలా బాగుంది. జీవితాంతం ఇట్లే కొనసాగించండి” అని జవాబు వచ్చింది.

ఆ ఫొటో తనకూ పంపమన్నాడు ఓబులేసు.