మావారు ఏ పనీ చేయరు

ఆ సాయంత్రం నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మావారు స్టవ్ ముందు నిలబడి కూర కలుపుతున్నారు. నావైపు తిరక్కుండానే, "ఇవాళ కింద కొట్టుకి ఒకాయన వచ్చాడు. నువ్విక్కడ పనిచేస్తావా అని అడిగాడు" అన్నారు.

"మీరేమన్నారు?"

ఆయన గరిటె చివరతో కాస్త తీసి ఉప్పు చూశారు. చాలినట్టు లేదు, ఇంకొంచెం వేశారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసినవాళ్ళలో మొదటివారు ఆయనే.

"అవునన్నాను."

భుజం మీద బ్యాగు కూడా తీయకుండా కుర్చీలో కూలబడ్డాను.

అదేం అంత పెద్ద మాట అనిపించవచ్చు. మా బతుకు తెలిస్తే అలా అనిపించదు. నేను క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేస్తాను. డాక్టర్ని కాను. రోగికి రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ వైపు నుంచి ఇవ్వాలి అన్నది లెక్క కట్టేదాన్ని. పొద్దున్నే రోగులు రాకముందు, మనిషికి బదులు నీళ్ళతొట్టె పెట్టి, యంత్రం చెప్పినంతే ఇస్తోందా, ఎక్కువ తక్కువలు చేస్తోందా అని చూసుకోవాలి. నా లెక్క ఒక వెంట్రుకవాసి తప్పితే ఎవరి కన్నో పోతుంది. ఈ పని తెలిసినవాళ్ళు ఈ దేశంలో చాలినంతమంది లేరట. అందుకని పిలిచి పీట వేశారు. నా కార్డు మీద 'ఉన్నత నైపుణ్యం' అని ఉంటుంది. నాతో వచ్చిన పాపానికి మావారికీ ఒక కార్డు ఇచ్చారు. దాని మీద 'పని చేయుటకు అనుమతి లేదు' అని ఉంటుంది. రెండూ ఒకే కిటికీలోంచి ఒకే అమ్మాయి నవ్వుతూ అందించింది.

అంతకుముందు మావారు లేతు మిషన్ల షెడ్డులో ఫోర్‌మ్యాన్. ఆయన చెయ్యెత్తితే షెడ్డంతా ఆగేది. నా ఉద్యోగం కోసం అదంతా వదిలేసి వచ్చారు. నేను బలవంతపెట్టలేదు. "నాలుగేళ్ళు కళ్ళు మూసుకుంటే శాశ్వత నివాసం వస్తుంది. అప్పుడు నేనూ పని చేసుకోవచ్చు" అన్నది ఆయనే. పిల్లల సంగతి కూడా ఆ తర్వాతే అనుకున్నాం. ఆ దరఖాస్తు పెట్టుకునే వేళ వచ్చింది. కాగితాలన్నీ సర్దుకున్నాక వచ్చిపడింది ఈ ముచ్చట.

మేముండేది మూడో అంతస్తు. కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. దాని యజమానిని మేం సైకిల్ తాత అంటాం, ఆయనకి ఆ సంగతి తెలియదు. మొదటి మూడేళ్ళూ మావారు వంట చేసి, గిన్నెలు కడిగి, బట్టలు ఇస్త్రీ చేసి, ఆ తర్వాత కిటికీ దగ్గర నిలబడేవారు. ఎంతసేపని నిలబడతారు? నాలుగో ఏడు మెట్లు దిగి తాత కొట్టులో స్టూలు మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి చక్రం పట్టుకున్నారు. పట్టుకున్న మనిషి చువ్వలు బిగించారు. వంకర తిరిగిన చక్రాన్ని స్టాండుకి ఎక్కించి, తిప్పుతూ, ఒక చువ్వ బిగించి ఇంకోటి వదులుచేస్తూ దాన్ని తిన్నగా తేవడం ఆయనకి మహా ఇష్టం. తాత మాట ఈయనకి రాదు, ఈయన మాట తాతకి రాదు. ఇద్దరూ చేతులతోనే గంటలు గంటలు మాట్లాడుకునేవారు. జీతం లేదు, టీ ఉంది. శాశ్వత కార్డు వచ్చిన మర్నాటి నుంచి జీతమిచ్చి పెట్టుకుంటానని తాత నాతో చెప్పించాడు కూడా.

"కార్డు మీద ఏముందో ఒకసారి చూసుకోండి" అని నేను అనకపోలేదు.

"డబ్బు తీసుకోందే అది పనెలా అవుతుందే? కాలక్షేపం" అనేవారు.

నేను గట్టిగా అడ్డుచెప్పలేదు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజుతో, ఈలవేస్తూ పైకి వచ్చే మనిషి ఆయన. ఆ మనిషంటే నాకూ ఇష్టమే.

ఇక మా తమ్ముడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. బావని ఆటపట్టించే హక్కు పుట్టుకతో వచ్చిందనుకునే రకం. "బావా, ఇవాళ కూరేంటి? అక్కకి జడ కూడా నువ్వే వేస్తున్నావా?" అంటాడు. "నువ్వు రారా, నీకూ వేస్తాను" అని ఈయన. అక్కడ స్పీకర్‌లో ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతారు, ఇక్కడ నేనూ నవ్వుతాను. ఆ వారం వాళ్ళింటికి వాడి అత్తవారి తరఫు చుట్టాలొచ్చారు. వాడు ఫోన్ వాళ్ళవైపు తిప్పి, "ఈయనే మా బావ. అక్కది ఉద్యోగం, బావది భోజనం" అన్నాడు. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ పూట ఆయన కంచం పెట్టుకోలేదు. ఆ మర్నాడే కొట్టుకి ఆ మనిషి వచ్చాడు.

"మామూలుగా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు" అన్నారు మావారు, స్టవ్ ఆపి, నా ఎదురుగా కూర్చుంటూ. "నువ్విక్కడ పనిచేస్తావా అన్నాడు. ఆ ముక్క నాకర్థమైంది. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడే. అవునన్నాను. మెకానిక్‌నన్నాను. ఏడాది నుంచి అన్నాను."

"ఏడాది అని కూడా చెప్పారా!"

"నోటికొచ్చింది."

"తర్వాత?"

"జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. తనిఖీ అధికారట."

నేను అరిచాను. ఏమేమన్నానో ఇక్కడ రాయను. ఆయన తల వంచుకుని విన్నారు. నాకు ఊపిరి తిరిగేసరికి, "వేడిగా ఉన్నప్పుడే తినేద్దాం" అన్నారు.

మర్నాడే ఒక లాయరమ్మని వెతుక్కుంటూ వెళ్ళాం. ఆవిడ ఆఫీసులో రెండే కుర్చీలు. మూడోది పక్కగదిలోంచి తెచ్చివేశారు. ఆవిడ చెప్పినదాన్ని నేను తెలుగులో ఈయనకి చెబుతూ వచ్చాను. పని చేశానని ఒప్పుకుంటే ఇద్దరి దరఖాస్తులూ పోతాయి, ఇప్పుడున్న నా పర్మిట్‌తో సహా. దారి ఒక్కటే. ఈయన ఆ కొట్టులో ఊరికే కూర్చునేవారు, పని రాదు, చేయరు, ఆ రోజు ఏదో గొప్పకి నోరు జారారు అని చెప్పాలి. అలా చెబితే మందలించి వదిలేస్తారని ఆవిడ నమ్మకం.

"కానీ చేశానుగా" అన్నారు మావారు.

"డబ్బు తీసుకోందే పని కాదని మీరేగా అన్నది!"

లాయరమ్మ నేను చెప్పాల్సిన వాక్యాలు నాలుగు రాసిచ్చి, కంఠస్థం చేయమంది.

తాత కూడా సాక్ష్యం రాసిచ్చాడు. ఏం రాశాడో చెప్పమని మావారు పట్టుబడితే చదివాను. 'ఇతనికి పానా ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. ఒంటరివాడు కదా పాపం అని కూర్చోనిచ్చాను' అని ఉంది. మమ్మల్ని కాపాడాలనే రాశాడు ముసలాయన. మావారు విని, "మంచివాడు" అన్నారు. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. మురికేం లేదు, అప్పటికే కొట్టుకి వెళ్ళడం మానేశారు.

విచారణ గది చిన్నది. ఒక బల్ల, బల్ల మీద ఒక ఫోన్. ఫోన్‌లో తెలుగు దుబాసీ ఉంటుంది. ఆవిడెవరో, ఏ ఊళ్ళో కూర్చుందో తెలియదు. గదిలో ఎవరేం మాట్లాడినా ఆవిడ తెలుగులో మావారికి చెప్పాలి, తన మాటగా కాదు, మాట్లాడినవాళ్ళ మాటగానే. అది అక్కడి నియమం. అధికారి కుర్రవాడు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. చెడ్డవాడని అనలేను. మాకు మంచినీళ్ళు తనే పోసిచ్చాడు.

"మీరు ఆ కొట్టులో పని చేశారా?"

"లేదు."

"మరి చేశానని ఎందుకన్నారు?"

"గొప్పకి" అన్నారు మావారు.

"పగలంతా ఏం చేస్తుంటారు మీరు?"

ఇది మేం అనుకోని ప్రశ్న. వంట అనవచ్చు, ఇస్త్రీ అనవచ్చు. ఆయన నావైపు చూశారు. అధికారి కూడా చూశాడు.

నేను వాళ్ళ భాషలో అప్పజెప్పాను. ఫోన్ తెలుగులో చెప్పింది: "నా భర్త ఏ పనీ చేయడు. ఆ కొట్టులో ఊరికే కూర్చుంటాడు." వార్తలు చదివినంత శుభ్రంగా చెప్పింది. నేను జన్మలో ఆయన్ని ఏకవచనంతో అని ఎరగను.

అధికారి రాసుకుంటూ, "ఏడాదంతా ఊరికేనా?" అన్నాడు నమ్మనట్టు.

అవును అంటే సరిపోయేది. లాయరమ్మ రాసిచ్చినవి అక్కడితో అయిపోయాయి. కానీ నాకేమైందో, మాట వెనక మాట వచ్చేసింది. ఎక్కడా తడుముకోలేదు. వెతుక్కోకుండానే పదాలు దొరికాయి. అధికారి పెన్ను పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, మెల్లగా తలూపాడు. నమ్మేశాడు. గెలిచాం అనుకున్నాను. నేనన్నది ఏమిటో నాకే పూర్తిగా తెలిసింది మాత్రం ఫోన్‌లోంచి వచ్చినప్పుడు.

"నేనొక్కదాన్నే సంపాదిస్తుంటే కూర్చుని తింటున్నాడు. ఇన్నేళ్ళూ ఇతన్ని నేనే మోశాను. నాకు విసుగొచ్చేసింది. మొగుడున్నాడని చెప్పుకోవడానికి తప్ప ఇతను నాకెందుకూ పనికిరాడు."

మావారు నన్ను చూడలేదు. ఆ ఫోన్‌నే చూస్తూ, పెద్దవాళ్ళెవరో చెబుతుంటే విన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకెలా అయిందో మరి.

"మీ భార్య చెప్పింది నిజమేనా?" అని అధికారి అడిగాడు.

"నిజమే" అన్నారు.

బయటికొచ్చాక లాయరమ్మ నా చెయ్యి నొక్కి, చాలా బాగా చెప్పారు, సహజంగా ఉంది అంది. బస్సులో ఒక్కటే సీటు ఖాళీ ఉంటే మావారు నన్ను కూర్చోబెట్టి, పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే వంట చేశారు. నా కోటు ఇస్త్రీ చేశారు. అడుగుతారేమో, నాలుగు తిడతారేమో అని రోజూ ఎదురుచూశాను. తిడితే ఏడ్చేసి, కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆయన మాత్రం పక్క మీద గోడవైపుకి జరిగి, నాకు చోటు ఎక్కువిచ్చి పడుకోవడం మొదలుపెట్టారు.

నిర్ణయం వచ్చిన రోజు ఆసుపత్రిలో ఒక చిన్నమ్మాయికి ముసుగు తయారుచేశాం. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ఉండటానికి వేడినీళ్ళలో మెత్తబరిచిన జాలీని మొహం మీద నొక్కిపట్టి, గట్టిపడేదాకా ఆగాలి. ఆ పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. మళ్ళీ నువ్వే ఉంటావా అని అడిగింది. ఉంటానన్నాను. అప్పటికి ఉత్తరం ఇంటికి వచ్చేసి ఉందని నాకు తెలియదు.

విప్పకుండా బల్ల మీద పెట్టి ఉంచారు మావారు. నిలబడే చదివాను. నా శాశ్వత నివాసం మంజూరైంది. 'మీ సేవలు మా దేశానికి విలువైనవి' అని కూడా రాశారు. రెండో పేజీ మావారిది. ఆయన ఆ కొట్టులో పని చేయలేదన్న మా వాదనను పూర్తిగా నమ్మారట. పని చేయలేదు కాబట్టి, చేశానని తనిఖీ అధికారితో చెప్పింది అబద్ధమట. ప్రభుత్వ అధికారికి అబద్ధం చెప్పినవాళ్ళకి నివాసం ఇవ్వరట. నెల తిరిగేలోగా దేశం విడిచి వెళ్ళాలి.

లాయరమ్మకి ఫోన్ చేశాను. ఇలా మెలిక పెడతారనుకోలేదు అంది. అప్పీలు వేయవచ్చు, కానీ ఆయన వెళ్ళిపోయి అక్కణ్ణుంచి వేసుకోవాలి, ఏళ్ళు పడుతుంది అంది. మీదైనా నిలబడింది, సంతోషించండి అంది. నా ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.

మావారికి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను.

"నేనూ వచ్చేస్తాను. ఉద్యోగం రేపే మానేస్తాను" అన్నాను.

"పిచ్చిమాటలు మాట్లాడకు. నాలుగేళ్ళు పోగొట్టుకున్నది దీనికోసమేగా?" అన్నారు. కోపంగా కాదు. తర్వాత గిన్నెలు తుడిచే గుడ్డ చేతిలో మడతపెడుతూ, "అయితే నేను పని చేయలేదనే నమ్మారన్నమాట" అన్నారు.

"నమ్మారు."

"నీ మాట మీద."

నేను తలూపాను.

"ఒక్కటడుగుతాను, కోప్పడకు. ఆ రోజు నువ్వన్నవన్నీ లాయరమ్మ రాసిచ్చినవేనా?"

అవును అనడానికి ఎంతసేపు పడుతుంది? ఎదుటివాళ్ళు ప్రశ్న పూర్తిచేయకుండానే జవాబు చెప్పే నోరు నాది. ఒక సర్కారుని నమ్మించిన నోరు. అది ఇప్పుడు తెరుచుకోలేదు. ఆయన నా మొహంలోకి చూస్తూ ఆగారు. నాకు టైమిచ్చారు. తర్వాత గుడ్డ కమ్మీ మీద ఆరేసి, కంచం తీసి, నాకు అన్నం వడ్డించడం మొదలుపెట్టారు.

"అవునండీ" అన్నాను అప్పుడు. "అన్నీ ఆవిడ రాసిచ్చినవే."

"సరేలే, తిను" అన్నారు ఆయన.