నిద్రపోయినట్టు సంతకాలు

పోర్టికో మెట్ల మీద నిలబడి సూపరింటెండెంటు ఒక కాగితాన్ని పైకెత్తి చూపిస్తున్నాడు. కింద మద్దమ్మ, ఆమె వెంట ఆలూరు వైపు నుంచి టెంపో మాట్లాడుకుని వచ్చిన మిరప కోత కూలీలు. మద్దమ్మ కూతురు హులిగెమ్మ నిన్న మధ్యాహ్నం ఈ ఆసుపత్రిలోనే కాన్పయి, రెండు గంటలు తిరక్కముందే రక్తం పోయి చనిపోయింది. పుట్టిన పిల్ల బతికింది.

"చూడండమ్మా. డాక్టర్ వసంతకుమార్‌కు మొన్నంతా సెలవు. విశ్రాంతి తీసుకున్నానని తన చేత్తో సంతకం పెట్టినాడు. హాయిగా పండుకోని వచ్చి కూడా వార్డులో నిద్రపోయినాడంటే ఆసుపత్రి ఏం చేస్తాది? వాణ్ణి తీసేసినాం. పోలీసులకు పట్టిచ్చినాం."

కానిస్టేబుళ్లు వసంతకుమార్‌ను జీపు వైపు నడిపిస్తున్నారు. ఒంటి మీద ఇంకా నిన్నటి ఆప్రానే ఉంది. జనంలోంచి ఒక చెప్పు వచ్చి భుజానికి తగిలింది. అతను తల కూడా తిప్పలేదు.

తెల్లకోట్ల గుంపులో నిలబడ్డ సాహితి ఆ కాగితాన్ని గుర్తుపట్టింది. దాని మీద గీతలు గీసింది ఆమె. పేర్లు రాసి తేదీలు వేసింది ఆమె. సంతకాలు పెట్టించిందీ ఆమే.

కర్నూలు దాటి కల్లూరు అవతల ఉన్న ఆ ట్రస్టు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో నూట యాభై మంది చెయ్యాల్సిన పని అరవై మంది హౌస్‌సర్జన్లు చేస్తారు. రక్తం తీయాలి, సెలైన్ ఎక్కించాలి, ఆయాలు లేకపోతే స్ట్రెచర్ కూడా తొయ్యాలి. వారానికో రోజు సెలవివ్వాలని నియమం. ఛైర్మన్‌కు నియమాలంటే ఎంత భక్తో! కాగితం మీద ఒక్క సెలవు కూడా ఎగ్గొట్టడు. నెల మొదటి తారీఖునే ఆఫ్ షీటు, అంటే సెలవుల పట్టిక, తయారు కావాలి. రాబోయే నాలుగు సెలవులకూ ముందుగానే నాలుగు సంతకాలు పెట్టాలి. ఆ సెలవులు రావని అరవై మందికీ తెలుసు. హౌస్‌సర్జన్ల ప్రతినిధి సాహితి ఆ షీటు పట్టుకుని హాస్టల్లో గది గదికీ తిరిగేది. "పెట్టేయండప్పా, ఊరికే గొడవెందుకు" అనేది. అందరూ పెట్టారు.

ఇది అందరి తప్పు. సాహితికి సొంతంగా ఇంకో తప్పుంది.

మొన్న రాత్రి నుంచి నిన్న సాయంత్రం దాకా కాన్పుల వార్డు డ్యూటీ ఆమెది. పీజీ ఎంట్రెన్సుకు నమూనా పరీక్ష ఉందని, తన డ్యూటీ చెయ్యమని వసంతకుమార్‌ను పట్టుకుంది. అప్పటికే అతను ఇరవై నాలుగు గంటలుగా నిలబడి ఉన్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అది ఆమె చూసింది, చూసే అడిగింది. "పోయి రాసుకో పో, నేను చూసుకుంటా" అన్నాడు. కాదనడం అతనికి చేతకాదు. ఆమె పోయి పడుకుంది, లేచి పరీక్ష రాసింది. నలభై రెండో గంటలో వసంతకుమార్ హులిగెమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. నర్సు వచ్చి లేపేసరికి పరుపంతా తడిసిపోయింది.

సాయంత్రం మెస్సులో అందరూ కూడారు. నోళ్లు లేస్తున్నాయి.

"నిజం చెప్పాల. మనమెవరికీ సెలవుల్లేవు, ఆ షీటంతా అబద్ధమని రాసియ్యాల" అంది కృపారాణి.

"రాసిచ్చి?" ఓబుళేశు బల్ల మీద చరిచాడు. "తప్పుడు సంతకం పెట్టినామని మనమే ఒప్పుకుంటే సర్టిఫికెట్ ఇస్తారా? ఇంగా నాలుగు నెల్లు ఉండాది. ఒకడు పోయినాడు, సరే. అరవై మందిమీ పోవాల్నా?"

"ఆ ఒకడు నువ్వే అయింటే?"

"నేను కాలేదు కదా!"

ఆ మాట అన్నాక ఓబుళేశుకే ముఖం చెల్లలేదు. ఇంతలో వాకిట్లో ఎవరో దగ్గారు. దుమ్ము కొట్టుకుపోయిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. వసంతకుమార్ నాయన ఏసన్న. కడప జిల్లాలో బండల క్వారీ కూలీ. స్టేషన్లో కొడుకును చూసి, కాలేజీ ఎక్కడని అడుగుతూ నడిచి వచ్చాడు.

ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"మీ మాటలు ఇన్న్యా. మా క్వారీలో గూడ ఇంతే నాయనా. హెల్మెట్లు ఇచ్చినట్టు ఏడాదికోసారి సంతకాలు పెట్టిచ్చుకుంటారు. హెల్మెట్ మాత్రం రాదు. మూడేండ్ల కింద బండ జారి ఒకడు సచ్చిపాయ. మేం ఇచ్చినాం, వాడే పెట్టుకోలేదని మేనేజరు షీటు చూపిచ్చినాడు. మాలో ఒక్కడు నోరెత్తలే. ఎట్ల ఎత్తుతాం? మేం గూడ పెట్టినోళ్లమే గదా. ఆ పిల్లోని పెండ్లాం ముందర తలొంచుకోని తిరిగినాం."

"ఆమీట?" అన్నాడు ఓబుళేశు మెల్లగా.

"ఆమీట తెలిసింది. వాళ్లు తప్పిచ్చుకునేదానికి ఒక్కటే కాదప్పా సంతకాలు పెట్టిచ్చుకునేది. మనల్ని తప్పులోకి దించేదానికి. సిగ్గుతో ఉన్నోడు గట్టిగా అరవలేడు గదా. నలభై మందిమి ఆఫీసుకు పోయినాం. అబద్దం పెట్టినాం, మాకు సిగ్గుగా ఉండాది, ఇంగ మీ సంగతి చెప్పండి అన్న్యాం. హెల్మెట్లు వచ్చినాయి. ఆరు మందిని పనిలోంచి తీసేసినారు. అది గూడ మీకు చెప్పాల."

సాహితి లేచింది.

"అంకుల్, ఆ డ్యూటీ నాది. వాని కండ్లు చూసి కూడా నేనే అడిగినా. పరీక్ష కోసం."

ఏసన్న చేతిలోని గుడ్డసంచి కింద పెట్టాడు. "డ్యూటీ ఎవరిదని ఎస్సై ఎన్ని తూర్లు అడిగినా నీ పేరు చెప్పలే పాపా వాడు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేదని సాహితి అనుకుంది. కోపం లేని ఆ మాట ఆమెను నిలువునా కోసింది.

మరునాడు పొద్దున తొమ్మిదికి, వసంతకుమార్ పోను మిగిలిన యాభై తొమ్మిది మందిలో నలుగురు తప్ప అందరూ షీటు అబద్ధమని రాసిన అర్జీ పట్టుకుని మెట్ల ముందు నిలబడ్డారు. ఆ నలుగురూ వంతుల మీద అత్యవసర వార్డులో ఉన్నారు. శవపరీక్ష కోసం కాచుకున్న మద్దమ్మ మనుషులు వాళ్లను చూసి లేచి చుట్టూ మూగారు. ఛైర్మన్ కారు దిగాడు.

"ప్రతినిధి ఎవరు, నువ్వేనా? ఆ షీటు రాసింది నువ్వే. తప్పుడు పత్రం అని అంటే మొదట జైలుకు పోయేది నువ్వే. తెలుసునా? ఆ అర్జీ వెనక్కి తీసుకో, నీ చదువు సంగతి నేను చూసుకుంటా."

సాహితి అతన్ని వదిలేసి మద్దమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఆ కాగితం అబద్దం. నేనే రాసినా. వాడు నలభై రెండు గంటలు నిద్రపోలేదు. అందులో పద్దెనిమిది గంటలు నా పని. నీ కూతురి కాడ నేను ఉండాల్సింది. లేను."

మద్దమ్మ చెయ్యి చెళ్లుమంది. సాహితి చెంప మీద వేళ్లు తేలాయి. కృపారాణి అడ్డం రాబోతే సాహితే ఆపింది.

మద్దమ్మ అదే చెయ్యి ఛైర్మన్ వైపు చూపించింది. "ఈ పిల్ల అబద్దమాడినానని నా మొగం మీద చెప్పింది. దెబ్బ తినింది. నువ్వు ఎప్పుడు చెప్తావప్పా?"

"ఎప్పుడు చెప్తావు?" కూలీల్లో ఒక ముసలాయన అందుకున్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత తెల్లకోట్లు. కిటికీల్లోంచి నర్సులు, ఆయాలు. ఆ ప్రశ్న గేటు దాకా పాకింది.

ఛైర్మన్ సైగ చేశాడు. పోలీసులు సాహితి రెక్క పట్టుకుని జీపెక్కించారు. "ఆ షీటు మీద నా సంతకం గూడ ఉండాది" అంటూ ఓబుళేశు వెనక తలుపు పట్టుకుని ఎక్కాడు. అతని వెనక మరో పదిమంది తోసుకొచ్చారు. జీపులో చోటు చాల్లేదు. ఎస్సై లాఠీతో బానెట్ మీద కొట్టి, ముందుకు పోనీయమని డ్రైవర్ మీద అరిచాడు.

మద్దమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు చక్రానికి ఎదురుగా కూర్చుంది. ఆమె పక్కన ఏసన్న కూర్చున్నాడు. కూలీలు, హౌస్‌సర్జన్లు వరసలు వరసలుగా రోడ్డు నిండిపోయారు.

"అమ్మా," సాహితి జీపులోంచి ఏడుస్తూ అంది, "నా కోసం మీరు..."

"నీ కోసమా?" మద్దమ్మ తలెత్తింది. "నిన్ను మాపు చేసినాననుకుంటాండావేమో, చెయ్యలే. సచ్చేదాకా చెయ్యను. నా కూతురి సావుకు సాక్షివి నువ్వు. నిన్ను యాడికీ పోనీను."

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.