తడిగుడ్డ

"నువ్వు చూపిచ్చినప్పుడు గింత కాగలేదు సేటు. ఇంట్ల పని వెడితె చెయ్యి వెట్టనిస్తలేదు" అంటూ సుకన్య ల్యాప్‌టాప్‌ను కౌంటరు మీద పెట్టింది.

వీరేశం నవ్వాడు. పాత ల్యాప్‌టాపులు బాగుచేసి అమ్మే అతని కొట్టు హన్మకొండ చౌరస్తాలో అన్నిటికంటే చల్లనిది. ఏసీ కరెంటు దండగ కాదని అతనికి తెలుసు. ఏ మిషనైనా ఆ చల్లదనంలో కాసేపు బుద్ధిగానే ఉంటుంది. పలుచటి మిషన్ మీద గంటల తరబడి భారం పెడితే ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరి, ముందు నెమ్మదించి, తర్వాత ఆగిపోతుంది. ఆ మాట అడిగినవాళ్లకే చెప్పేవాడు. సుకన్య కొనేటప్పుడు అడగలేదు.

కాశిబుగ్గలో రేకుల ఇల్లు వాళ్లది. తల్లి బక్కమ్మ అదే గదిలో మగ్గం మీద జంపఖానాలు నేస్తుంది. సుకన్య యానిమేషన్ నేర్చుకుంది. హైదరాబాదు కంపెనీ ఒకటి చిన్న బొమ్మల సినిమా చేసి పంపమంది. సోమవారం మధ్యాహ్నంలోపు అందితే ఉద్యోగం. బొమ్మలన్నీ తయారు. వాటిని వీడియోగా మార్చాలంటే మిషన్ ఒక పగలూ రాత్రీ ఆగకుండా నడవాలి. సగంలోనే ఆగిపోతోంది.

వీరేశం లెక్క వేసుకున్నాడు. మిషన్ లోపలి ఫ్యాను నిండా మగ్గం దూది ఉంటుంది. విప్పి శుభ్రం చేస్తే అరపూట పని, అదీ వారంటీలో ఊరికే. కొనేవాళ్లు వెనకే నిలబడ్డారు.

"ఫికర్ చెయ్యకు చెల్లె. మిషన్ మంచిగనే ఉంది. జర చల్లగ ఉంచు, అంతే."

ఆ మాటకు ఖర్చు లేదు.

సోమవారం కొట్టు తీసేసరికి తల్లీకూతుళ్లు మెట్ల మీద ఉన్నారు. మిషన్ వెలగడం లేదు. వీరేశం అడుగు పలక విప్పాడు. దూది చాపలా పేరుకుంది. దాని కింద చెమ్మ, బోర్డు మీద కాలిన మచ్చ.

"నీళ్లు వడ్డయా?"

"లే బిడ్డా" అంది బక్కమ్మ. "ఎండకాలం కుండకు చుట్టినట్టు తడిగుడ్డ చుట్టిన. పిల్ల జర పండుకుంది. ఆరినప్పుడల్ల నేనే తడుపుకుంట కూసున్న. చల్లగ ఉంచుమన్నవట గద?"

"ఊకో అమ్మా" అంది సుకన్య.

నీళ్లు తగిలితే వారంటీ చెల్లదని కాగితంలో రాయించింది వీరేశమే. ఏ లెక్కన చూసినా అతనికి చిక్కు లేదు. గొడవకు సిద్ధపడ్డాడు. సుకన్య గొడవపడలేదు. దాంతో అతనే తగ్గాడు.

"వేరే మిషన్ ఇస్త, తీస్కపో."

"బొమ్మలు ఏడికెల్లి తెస్తవ్ సేటు?"

బొమ్మలు దాచిన చిప్పు కూడా కాలిన బోర్డు మీదే ఉంది.

బక్కమ్మ ఇంకా తడిగానే ఉన్న గుడ్డతో కౌంటరు మీది నీటిచుక్కలు తుడిచింది. "నేనేం తప్పు చేసిన్నో చెప్పు బిడ్డా. ఇంకోపారి చెయ్య."

అప్పుడే ఇద్దరు కొనేవాళ్లు లోపలికి వచ్చి, విప్పిన మిషన్‌ను చూస్తూ నిలబడ్డారు. వీరేశం వాళ్ల వంక చూశాడు.

"నీళ్లు తగలనియ్యొద్దు అవ్వా" అన్నాడు.

బక్కమ్మ తల ఊపింది. మెట్లు దిగాక కూతురి పక్కన నడవలేదు, వెనక నడిచింది.