చెయ్యి పెట్టి చూడాల

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో గుండుమడుగు అని ఒక ఊరుంది. ఆ ఊరి సర్కారు ఆసుపత్రిలో డాక్టరు రాజమోహన్ గదికి ఒక తలుపు, ఒక కిటికీ ఉండేవి. తలుపులోంచి ఊరివాళ్ళు పోయేవారు. యానాదులు బయట ఎండలో కిటికీ కింద నిలబడి జబ్బు చెప్పుకోవాలి. ఊరి బయటి మా పాలెం క్రైస్తవులను గుమ్మం దాకా రానిచ్చేవాడు గానీ ఒంటి మీద చెయ్యి వేసేవాడు కాదు. ఇదంతా ఎక్కడా రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే ఏనాడో పీకి పారేసేవాళ్ళం.

తొంభై మూడు అక్టోబరులో మాలకొండమ్మ ఆ కిటికీ కింద నిలబడటం నేను కళ్ళారా చూశాను. నేను రెబెకమ్మను, కూలీల సంఘంలో పనిచేస్తాను. మాలకొండమ్మది చెరువు కట్ట కింది యానాది కాలనీ, నలభై లోపు మనిషి. కుడి రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది. డాక్టరు పేపరులోంచి తల ఎత్తలేదు. స్నానాలు చెయ్యకపోతే గడ్డలు లేవక ఏం చేస్తాయన్నాడు. కాంపౌండరు నల్లటి పూతమందు పొట్లం కట్టి ఊచల్లోంచి కిందికి వదిలాడు. నిమిషం పట్టలేదు.

మీకు అసలు సంగతి చెప్పాలి. ఈ మాలకొండమ్మే ఊరి మోతుబరి పెద్దరెడ్డి ఇంట్లో పాచిపని చేసేది. ప్రతి ఆదివారం ఆయన భార్య శేషారత్నమ్మకు ఒళ్ళంతా నూనె రాసి నలుగు పెట్టేది. మా పాలెం వాళ్ళ నీడ పడితేనే నీళ్ళు చల్లుకునే ఆ ఇంట్లో యానాది చేతికి మాత్రం మైల లేదు, పని జరగాలి కదా. అలా నలుగు పెడుతుండగా శేషారత్నమ్మ రొమ్ములో గడ్డ మాలకొండమ్మ చేతికే తగిలింది. తనకూ అలాంటిదే ఉందని, తనది ఇంకా చిన్నదని, వెంటనే చూపించుకోమని ఆమే చెప్పింది. సాయంత్రానికల్లా అదే రాజమోహన్ నర్సును వెంటబెట్టుకుని పెద్దరెడ్డి ఇంటికి నడిచొచ్చాడు. తడిమి చూశాడు, చంకలోనూ చూశాడు, ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యొద్దని మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాడు. శేషారత్నమ్మ కారెక్కింది. అక్కడ రొమ్ము తీసేశారు, గడ్డ మళ్ళీ రాకుండా కరెంటు పెట్టారు. ఇప్పటికీ బతికే ఉంది. ఉండనీ, ఆమె చావు నాకొద్దు. ఆమె కారెక్కిన రెండో రోజునే, అంతకంటే చిన్న గడ్డతో మాలకొండమ్మ కిటికీ కింద నిలబడింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈనాటికీ పళ్ళు పటపటమంటాయి.

అయితే అప్పుడు నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. మా తప్పు కూడా చెబుతాను, వినండి. సంఘం మీటింగులో ఈ మాట ఎత్తాను. అప్పట్లో చెరువులో చేపలు పట్టే హక్కు యానాదులకు దక్కాలని కాంట్రాక్టరుతో కొట్లాడుతున్నాం. మా నాయకుడు సామ్యేలు ముందు చెరువు సంగతి తేలనీ, ఆడోళ్ళ జబ్బులు సంఘం పని కాదన్నాడు. మగాళ్ళందరూ నేల చూపులు చూశారు. పదిమందిలో రొమ్ము అనే మాట పలకడానికి ఒక్కడికీ నోరు రాలేదు. సిగ్గేసి నేనూ కూర్చున్నాను. మాలకొండమ్మ రవిక కింద ఆ నల్లమందు పూసుకుంటూనే వలతో చెరువులో దిగింది, కాంట్రాక్టరు మనుషుల కర్రలకు ఎదురు నిలబడింది. చెరువు మాదయ్యే సరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటికి గడ్డ పగిలి పుండైంది.

చెరువు గెలిచిన మీటింగులో అందరూ చప్పట్లు కొడుతుంటే మాలకొండమ్మ లేచి, పైట తీసి చూపించింది. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళు వాసనకు వెనక్కి జరిగారు.

"నువ్వు పలకలేని మాట నేను పలుకుతాండా సామేలన్నా. నా రొమ్ము కుళ్ళిపోయింది. నేనింక బతకను, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నేను పొయ్యేలోపు ఆ డాక్టరు, ఆయప్ప చెయ్యి నా మీద పడాల. నన్ను చూసినాక కాలనీలో, పాలెంలో ఉండే ఆడోళ్ళందరినీ చూడాల."

సామ్యేలు ఏడ్చాడు. తప్పు చేసినానమ్మా అన్నాడు. ఏడుపులు తర్వాత, ముందు మంచం మోసే మనుషుల్ని చూడు అంది లిదియమ్మ. ఆమె మా పాలెం ప్రార్థన కూటం పెద్ద, అరవై ఏళ్ళ మనిషి, ఆమె కేకేస్తే రాని ఆడది లేదు.

సోమవారం పొద్దున్నే అరవై నాలుగు మంది కదిలాం. మాలకొండమ్మను మంచంతో సహా మోసుకొచ్చి తలుపులోంచే లోపలికి పోయాం. డాక్టరు ఉలిక్కిపడి లేచి, అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి పొమ్మన్నాడు. లిదియమ్మ కిటికీ రెక్కలు మూసి, గడియ పెట్టి, దానికి వీపానించి నిలబడింది. గదంతా మేమే. ఆయన జేబురుమాలు తీశాడు.

"ముక్కు మూసుకోబాకండి సార్," అంది మాలకొండమ్మ. "మీరు పెంచిందే గదా."

మద్రాసుకు ఇప్పుడే ఉత్తరం రాసిస్తానన్నాడాయన. అది రాయాల్సిన పొద్దు ఏడాదిన్నర కిందే పోయిందని, ఇప్పుడు చెయ్యి పెట్టి చూడమని ఆమె అంది. అరవై నాలుగు గొంతులు ఆ మాటే అందుకున్నాయి, చెయ్యి పెట్టి చూడాల అని. ఆయన చూశాడు. పుండు కడిగాడు, గాజుగుడ్డతో కట్టు కట్టాడు. మధ్యలో రెండుసార్లు డోకొచ్చి తొట్టి దగ్గరికి పోబోతే మేము దారివ్వలేదు. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే కడుపు నిండినట్టు అనిపించింది.

ఆ తర్వాత నర్సును పిలిపించాం. పెద్దరెడ్డి ఇంట్లో చూసినట్టే ఒక్కొక్కరినీ చూడమన్నాం, అనుమానం ఉన్నచోట డాక్టరూ చూడాలన్నాం. పందొమ్మిదో మనిషి చిన్ని, మాలకొండమ్మ అక్క కూతురు, ఇరవై ఆరేళ్ళది. నర్సు చెయ్యి ఒకచోట ఆగింది. డాక్టరు కూడా తడిమి చూసి, ఉంది అన్నాడు. చింతగింజంత గడ్డ. ఉత్తరం రాయి అని అందరం అరిచాం. ఆయన కలం తీసి నాలుగు వరసలు రాశాడో లేదో, కాంపౌండరు పంపిన కబురుకు పోలీసు జీపు, దాని వెనక వ్యాను వచ్చి ఆగాయి. పోలీసుల బూట్ల చప్పుడు వినగానే కలం కింద పెట్టేశాడు, సంతకం చెయ్యకుండానే.

మాలకొండమ్మ మంచం మీద నుంచే చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలో ఆ పట్టు ఎక్కడిదో. విడిపించండని డాక్టరు అరిచాడు. కానిస్టేబుళ్ళు మంచం దాకా వచ్చారు, అప్పటికే చీముతో తడిసిన కట్టు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యానాది దాన్ని, అందులో కుళ్ళిన దాన్ని ముట్టుకోవడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. నువ్వు పట్టుకోవయ్యా అని ఎస్సై ఒకడిని నెడితే వాడు ఇంకొకడి వెనక్కి పోయాడు.

"సంతకం పెట్టు," అంది మాలకొండమ్మ. "నా ఒంటి మీద చెయ్యెయ్యలేనోళ్ళు నా చెయ్యి ఎట్టా ఇడిపిస్తారు?"

ఎడమచేత్తో కాగితం అదిమిపెట్టుకుని, ఆమె పట్టులోనే ఉన్న కుడిచేత్తో ఆయన సంతకం చేశాడు. ముద్ర కూడా వేసిందాకా ఆమె వదల్లేదు. లిదియమ్మ కాగితం ఆరబెట్టి చిన్ని చేతికిచ్చింది. మాలకొండమ్మ భర్త సుందరయ్య చిన్నిని తీసుకుని వెనక దొడ్డిలోంచి బస్సు రోడ్డుకు పరిగెత్తాడు. మేము ఇరవై ఏడు మందిమి వ్యాను ఎక్కాం, మిగిలినవాళ్ళు మాలకొండమ్మను మంచంతో ఇంటికి మోసుకుపోయారు. ఉద్యోగి విధులకు అడ్డం పడ్డామని కేసు పెట్టారు.

తొమ్మిదో రోజున మాలకొండమ్మ పోయింది. మేము రిమాండులో ఉన్నాం, మట్టి వెయ్యడానికి కూడా రాలేకపోయాం. సుందరయ్య మద్రాసులో చిన్ని దగ్గరే ఉన్నాడు, ఆయనకూ కడసారి చూపు దక్కలేదు. నెల దాటాక ఆత్మకూరు కోర్టులో బెయిలు దొరికి బయటికొచ్చిన రోజు ఇద్దరూ బస్టాండులో మా కోసం నిలబడి ఉన్నారు. చిన్నికి ఒక పక్క రొమ్ము తీసేశారు. సకాలంలో వచ్చావన్నారట అక్కడి డాక్టర్లు. బాగా చిక్కిపోయింది గానీ నిటారుగా నిలబడింది.

రాజమోహన్‌ను బదిలీ చేశారని ఆమే చెప్పింది. కలిగిరి వైపు ఒక పల్లె ఆసుపత్రికి పంపారట, అక్కడా యానాది కాలనీ ఉందట.

ఊరికి పోయి నాలుగు రోజులు కాళ్ళు చాపుకుందామని సామ్యేలు అన్నాడు. చిన్ని వినలేదు. "ఆయప్ప కుర్చీ అక్కడ కుదురుకోకముందే పోవాల," అంది.

కలిగిరి బస్సు కదలబోతోంది. ఇరవై ఏడు మందిమీ ఎక్కాం, ముందు చిన్ని ఎక్కింది.