అద్దంలో మనిషి కనబడాలి

డ్రైవరుగారు ఆటలో ఒక మనిషిని గుద్దేశారు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆటే కదా, దానికింత రాద్ధాంతమా అని మీరు అనొచ్చు. కండక్టరమ్మ కూడా ఆ మాటే అని, అన్నాక నాలుక్కరుచుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు నడిపి, కోడిపిల్లకు కూడా చక్రం తగలనివ్వని మనిషితో అనాల్సిన మాటా అది?

ఆయన డ్రైవరు, ఆవిడ అదే బస్సులో కండక్టరు. మొగుడూపెళ్లాలు ఒకే రూటు అడిగి మరీ వేయించుకున్నారు. రిటైరైన కొన్నాళ్లకు, మసక వెలుతురులో చూపు సరిగ్గా ఆనడం లేదని కళ్ల డాక్టరు చెబితే, డ్రైవరుగారు కిక్కురుమనకుండా వెళ్లి లైసెన్సు అప్పగించి వచ్చేశారు. ఆ తర్వాత కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలో పోయే ప్రతి బండికీ వంకలు పెట్టడమే ఆయన పనైపోయింది. "ఇండికేటరు వెయ్యడేం వీడు! వీడి చేతికి తాళాలిచ్చిన వాణ్ననాలి!" అని పొద్దస్తమానం ఒకటే సణుగుడు.

అది చూడలేక కూతురు తన పాత కంప్యూటరులో బస్సు నడిపే ఆట ఒకటి ఎక్కించింది. ప్లాస్టిక్ స్టీరింగు బల్లకు బిగించి, కింద పెడల్స్ పెట్టి వెళ్లింది. అంతే, మనిషికి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని, షూ కూడా తొడుక్కుని స్టీరింగు ముందు కూర్చునేవారు. ఒక్క సిగ్నలు దాటితే ఒట్టు. స్టాపు వస్తే ఆపడం, తలుపు తియ్యడం, జనం ఎక్కాక కదలడం. రేసు కార్ల ఆటలాడే పిల్లలు చూస్తే నవ్వి చచ్చేవాళ్లేమో గానీ, కండక్టరమ్మకు మాత్రం ఆయన వీపు నిటారుగా కనబడితే కడుపు నిండిపోయేది.

ఇక గుద్దిన సంగతి. పాత కంప్యూటరు కదా, ఆటలో బస్సుకుండే రెండు పక్కద్దాల్లో ఏమీ కనబడేది కాదు. రెండూ తుడవని పలకల్లా బూడిదరంగులో ఉండేవి. స్టాపులోంచి బస్సు తీస్తున్నప్పుడు వెనకనుంచి ఒక మనిషి పక్కకు వచ్చాడు. అద్దంలో లేడు, చక్రం కిందికి వచ్చాడు. డ్రైవరుగారు లేచి, భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగు మీద కప్పేశారు.

"అద్దాల్లేని బండి నేను తియ్యను" అన్నారు.

మళ్లీ కిటికీ, మళ్లీ కుర్చీ. కాకపోతే ఈసారి వంకలు కూడా పెట్టడం మానేశారు. ఒకడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా వీధి వీధంతా అదరగొట్టి పోతే, ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు భయపడింది కండక్టరమ్మ. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే అంతకంటే ఏం కావాలి భయపడ్డానికి?

కూతురికి ఫోను చేస్తే తేల్చి చెప్పింది. "గ్రాఫిక్స్ కార్డు వేయించమ్మా. తెర మీద బొమ్మలన్నీ గీసేది అదే. మరీ ఖరీదైనది వద్దు, చవకలోనే మంచివి ఉంటాయి. నాన్ననే కూర్చోబెట్టి చూపించు, లేకపోతే ఒప్పుకోడు."

అలా ఇద్దరూ కంప్యూటరును ఆటో ఎక్కించి, స్టీరింగునూ పెడల్స్‌నూ కూరగాయల సంచిలో కుక్కి, విడిభాగాలమ్మే షాపుకు వచ్చిపడ్డారు.

షాపు ఇరుకు. నాలుగు గోడలకీ అట్టపెట్టెలు, నేల మీద వైర్లు. షాపమ్మాయి జడలో స్క్రూడ్రైవరు దోపుకుని, ముక్కు మీద కళ్లజోడుతో, అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పే రకం. కంప్యూటరు మూత ఊడదీసి లోపలికి తొంగి చూసింది.

"పవర్ బాక్స్ చిన్నది పిన్నిగారూ. విడిగా కరెంటు వైరు అడిగే కార్డుల్ని ఇది మొయ్యలేదు. బోర్డునుంచే కరెంటు తీసుకునే చిన్న కార్డులు చూద్దాం. ఏ ఆటలాడతారు, యుద్ధాలా?"

"నాకు అద్దాల్లో మనిషి కనబడాలి" అన్నారు డ్రైవరుగారు. షాపులో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

ఆ పిల్ల నవ్వలేదు, అందుకే కండక్టరమ్మకు నచ్చేసింది. "అద్దమంటే కంప్యూటరుకు పెద్ద చాకిరీ బాబాయిగారూ. రోడ్డును ముందోసారి గీసి, అద్దం కోసం మళ్లీ గియ్యాలి. రెండద్దాలంటే మూడుసార్లు. మీ పాతది చేతులెత్తేసిందంటే దాని తప్పేం లేదు."

మొదట అన్నిటికంటే చవకది బిగించింది. స్టీరింగు కౌంటరుకు తగిలించి, పెడల్స్ కింద పెట్టి, డ్రైవరుగారి చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగింది. షాపులో రణగొణ ధ్వని, అందుకని. తెర మీద స్టాపులో ఆగిన బస్సు. డ్రైవరుగారు కుడి అద్దం చూశారు, ఎడమ అద్దం చూశారు, తల అడ్డంగా ఊపారు.

"మనిషి దగ్గరకొచ్చాక గానీ పుట్టట్లేదమ్మా. దూరంనుంచి రావాలి కదా మనిషి."

"మెమరీ చాలట్లేదు" అని ఆ అమ్మాయి దాన్ని పీకేసి రెండోది పెట్టింది. అరచెయ్యంత కార్డు, ఒకటే ఫ్యాను, కూతురు చెప్పిన ఖరీదులోనే. ఈసారి తెర వెలగగానే డ్రైవరుగారి మెడ ముందుకు సాగింది. అద్దాల్లో రోడ్డు చివరిదాకా కనబడుతోంది. చెట్టు నీడలోంచి ఒకడు గొడుగు ఊపుకుంటూ రావడం కూడా తెలుస్తోంది.

"ఆఁ" అన్నారాయన. ఆయన పొగడ్త అంతే, దానికే మురిసిపోవాలి.

"నడపండి బాబాయిగారూ, కాస్త దూరం పోతే తెలుస్తుంది."

కండక్టరమ్మ హమ్మయ్య అనుకుని, గ్యారంటీ సంగతి అడగడంలో పడింది. కాసేపటికి ఇటు తిరిగి చూస్తే బస్సు ఎక్కడిదక్కడే ఉంది. బెల్లం కొట్టిన రాయిలా ఉంది. డ్రైవరుగారు స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నారు.

"హ్యాంగయినట్టుందే" అంది షాపమ్మాయి. ఆపి, మళ్లీ ఆన్ చేసింది. బస్సు స్టాపులోకి వచ్చింది, జనం ఎక్కారు, తలుపు మూసుకుంది. కదల్లేదు. కార్డు ఊడదీసి, తుడిచి, మళ్లీ నొక్కింది. ఊహూఁ. పెడల్ వైరు మార్చింది. ఊహూఁ.

"బాబాయిగారూ, ఏమైనా తేడాగా ఉందా?"

"బండి బాగానే ఉందమ్మా" అన్నారాయన. మరి కదలదేం అంటే ఆయనకీ అర్థం కావడం లేదు. ముఖంలో రంగు తగ్గుతోంది. ఒక చెయ్యి స్టీరింగు వదిలేసి భుజం మీది తువ్వాలు మీదికి పోయింది.

"ఈ కార్డులోనే ఏదో లోపమున్నట్టుంది పిన్నిగారూ. ఇదే రకం ఇంకోటి లేదు. పై రకానికి పోతే పవర్ బాక్స్ కూడా మార్చాలి" అంది ఆ పిల్ల, నొచ్చుకుంటూ.

కండక్టరమ్మ మనసులో డబ్బు లెక్కేసుకుంది. పై రకం ఖరీదు వాళ్లకు అందేది కాదు. అంతకంటే పెద్ద దిగులు, ఆ తువ్వాలు ఈసారి స్టీరింగు మీద పడిందా, ఇక ఏ కార్డు తెచ్చినా ఆయన తియ్యరు. కిటికీ పక్కన ఆ మూగ కుర్చీ కళ్ల ముందు మెదిలింది.

ఏం చెయ్యాలో తోచక ఆయన వెనక్కి వెళ్లి నిలబడింది. నిలబడి, ఆయన తలకాయ చూసింది. ఆ తల వెనకభాగాన్ని చూసినంతగా ఆవిడ లోకంలో దేన్నీ చూసి ఉండదు. తల కాస్త ఎడమకు వంగి ఉంది. ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపి ఉంది. పాదం పెడల్ మీద ఆనీ ఆనకుండా ఉంది.

అయ్యో రామ, అనుకుంది కండక్టరమ్మ. ఈయన ఎదురుచూస్తున్నాడు.

ఇంట్లో ఆట ఆడుతున్నప్పుడు ఆటలో తలుపు బుస్సుమని మూసుకున్న చప్పుడు వంటింట్లోకి వినబడేది. ఆవిడ నోరు ఆవిడకు తెలియకుండానే "రైట్" అనేసేది. గిన్నెలు తోముతూ అనేది, కూర తరుగుతూ అనేది. అన్న సంగతి ఆవిడకూ తెలియదు, విన్న సంగతి ఆయనకూ తెలియదు. ఇక్కడేమో చప్పుడంతా ఆయన చెవుల్లోనే ఉండిపోయింది, ఆవిడ నోరు గ్యారంటీ గొడవలో పడింది. కండక్టరు మాట రాకుండా డ్రైవరు బండి తీస్తాడా? చస్తే తియ్యడు. కార్డు లోపమట, కార్డు లోపం!

"ఆ హెడ్‌ఫోన్లు తీసెయ్యమ్మా. సౌండు బయటికి పెట్టు" అంది. కౌంటరు చెక్కను టకటకమని రెండుసార్లు కొట్టింది. "రైట్!"

ఎంత గట్టిగా అందంటే, అవతల ప్రింటరు బేరమాడుతున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. బస్సు కదిలింది. మెత్తగా, నీళ్ల గ్లాసు పెట్టినా తొణకనంత మెత్తగా స్టాపు దాటింది. షాపమ్మాయి నోరు తెరిచి, కార్డు వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూసి, చివరికి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అదా సంగతి! అయితే కార్డుదేం తప్పులేదు బాబాయిగారూ!"

డ్రైవరుగారికి ఆ మాటలేవీ వినబడలేదు. మలుపు తిరిగారు, సిగ్నలు దగ్గర ఆగారు, పక్క స్టాపుకు చేర్చారు. కండక్టరమ్మ స్టూలొకటి లాక్కుని ఆయన ఎడమపక్కన కూర్చుంది. కూర్చోవాలని ఇంతకాలం తోచలేదేమిటా అని తనను తానే తిట్టుకుంది. వంటింట్లోంచి అనడమేమిటి, పిచ్చిమొద్దు! జనం ఎక్కారు, తలుపు బుస్సుమంది.

"రైట్" అంది.

బస్సు కదల్లేదు.

"మళ్లీ ఏమొచ్చిందండీ?" అందావిడ.

డ్రైవరుగారు తల తిప్పకుండా ఎడమ అద్దం వైపు వేలు చూపించారు. అద్దంలో దూరంగా, చేతిలో సంచితో ఒకావిడ బస్సుకోసం పరుగెత్తుకొస్తోంది.

"అటు చూడండి కండక్టరు గారూ. మనిషిని చూసుకోకుండా రైట్ ఎలా చెప్పేశారండీ? ఇలాగైతే ఎలా మనం డ్యూటీ చేసేది?"

ఇంట్లో ఏమే అని పిలిచే మనిషి, బండెక్కితే మాత్రం ఉద్యోగమంతా ఇలాగే గారూ అని పిలిచి మరీ చివాట్లు పెట్టేవాడు. ఆ చివాట్ల కోసం తను ఇంతగా మొహం వాచిపోయి ఉందని కండక్టరమ్మకు ఈ క్షణం దాకా తెలియదు. కళ్లు చెమ్మగిల్లాయి, సంతోషంతో ఒళ్లంతా తేలికైపోయింది.

"పొరపాటైందండీ డ్రైవరుగారూ" అంది బుద్ధిగా.

"ఇదే ఖాయం చేసి బిల్లు వేసెయ్యనా పిన్నిగారూ?" అని అడిగింది షాపమ్మాయి.

"కాసేపు ఉండమ్మా" అంది కండక్టరమ్మ, అద్దం మీదనుంచి చూపు తిప్పకుండా. "డ్యూటీలో ఉన్నాం."