నల్లోడి దవడ

నల్లోడు నవ్వుతున్నాడని మొదట కనిపెట్టింది అత్తగారే.

"చూడవే, నీ కుక్క నన్ను చూసి ఇకిలిస్తోంది," అంది గుమ్మంలో కూర్చుని. కోడలు కుట్టుమిషను ఆపకుండానే నవ్వేసింది. ముందుగదే ఆమె దర్జీకొట్టు. గుడ్డపీలికల మధ్యే నల్లోడు పెరిగాడు. అత్తగారికి వాడంటే గిట్టదు. ఎదురుపడితే చీపురు చూపించేది.

మర్నాటికీ ఆ నవ్వు పోలేదు. పెదవులు వెనక్కి లాక్కుపోయాయి. చెవులు నిక్కబొడుచుకుని నడినెత్తి మీదికి దగ్గరయ్యాయి. కాళ్లు కర్రల్లా చాపి నడుస్తున్నాడు. గిన్నె ముందు నిలబడి నోరు తెరవలేక చొంగ కారుస్తుంటే కోడలు మిషను వదిలి లేచింది.

పక్కవాటా ఆయన కిటికీలోంచి తొంగిచూశాడు. "పిచ్చి పట్టిందమ్మా! దగ్గరికెళ్లకండి."

"నీ నోట ఒక్క మంచిమాట రాదా?" అని కసిరింది అత్తగారు.

ఇద్దరూ వాణ్ణి దుప్పట్లో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చేతికి తొడుగులు వేసుకుని, టీకాలు వేయించారా, ఏ కుక్కయినా కరిచిందా అని అడిగింది. అంతలో వరండాలో ఎవరో బకెట్టు జారవిడిచారు. ఆ చప్పుడుకి నల్లోడి ఒళ్లంతా కొయ్యబారిపోయింది. డాక్టరమ్మ తలుపు మూసి, దీపం తగ్గించి, ఒక్కో కాలివేలూ తడిమింది. ముందుకాలి దగ్గర ఆగింది.

"ఈ గోరు ఎప్పుడు విరిగింది?"

కోడలికి తెలియదు. అత్తగారు గొంతు సవరించుకుంది. "మట్టి తవ్వుతుంటే విరిగింది. కడిగి గుడ్డ కట్టాను. మానిపోయింది కదా!"

"నువ్వా అత్తయ్యా?"

"కుంటుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"పైకి మానింది, లోపల విషం పుట్టింది," అంది డాక్టరమ్మ. "ఇది ధనుర్వాతం. పిచ్చయితే మామూలుగా దవడ వేలాడిపోతుంది, వీడిది బిగుసుకుంది. పైగా మిమ్మల్ని బాగా గుర్తుపడుతున్నాడు. రక్తపరీక్షలో తేలే జబ్బు కాదిది, ఒళ్లు చూసి చెప్పాల్సిందే."

"బతుకుతాడా?" అంది కోడలు.

"మాట ఇవ్వలేనమ్మా. మందు కొత్త విషాన్ని ఆపుతుంది. ఇప్పటికే నరాల్ని పట్టుకున్నది మెల్లగా వదలాలి. చీకటి, నిశ్శబ్దం ఉండాలి."

కొన్నాళ్లు ఆసుపత్రిలోనే సెలైన్ ఎక్కించారు. దవడ కాస్త వదిలి మింగడం మొదలుపెట్టాక ఇంటికి పంపారు. కోడలు వెనకగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, మిషను మూసి, చేతికుట్టు పట్టింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే అత్తగారు పెదవి విప్పకుండా వాడి పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టేది. పక్కవాటా ఆయన తలుపు తడితే ఒక్క ఉదుటున బయటికొచ్చి, "మెల్లగా! గొంతు తగ్గిస్తే నీ సొమ్మేం పోయింది?" అని గుసగుసగానే చీవాట్లు పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యూపి కోడల్ని పిలిచింది. నల్లోడు నాలుగు కాళ్లూ మడుచుకుని, ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఇంతలో వెనకకాలు కదిలింది. కోడలు ఉలిక్కిపడి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"కలేనే," అంది అత్తగారు. "ఎవర్నో తరుముతున్నాడు."