దుప్పటికి అవతలి చివర

అందరూ నిదానం అని పిలిచే ఆమె, డ్రయ్యర్‌లోంచి అప్పుడే తీసిన దుప్పటిని వెంటనే మడతకి వదలదు. రెండు చేతుల్లోకీ తీసుకుని ఓసారి పొట్టకి ఆనించుకుంటుంది. ఆ వెచ్చదనం బట్టల్లోంచి ఒంట్లోకి దిగాక, హమ్మయ్య అనుకుని, అప్పుడు చివరలు వెతుక్కుంటుంది. ఈలోపు అవతలి వైపు అక్క తన రెండు చివరలూ పట్టుకుని నిలబడే ఉంటుంది. కానియ్యి అనదు. గొంతు సవరించుకోవడం కూడా చెయ్యదు. ఆవిడ మొహం చూస్తే, తనూ అప్పుడే వచ్చి నిలబడినట్టుంటుంది.

అది పెద్ద హోటల్. పైన ఎవరెవరో వచ్చి పడుకుని లేచి వెళ్లిపోతుంటారు. వాళ్లు పడుకున్న దుప్పట్లన్నీ కింద, నేల అడుగున ఉన్న ఈ గదులకి వస్తాయి. ఒక గదిలో ఉతుకుడు. అక్కడ ఎప్పుడూ నేల తడి, గాలి తడి. గోడకి ఇవతల ఆరబెట్టడం, ఇస్త్రీ, మడతలు. ఇక్కడ మాత్రం వెచ్చగా, పొడిగా, సబ్బు వాసనతో ఉంటుంది. మడతల బల్లకి చెరోవైపు ఏళ్ల తరబడి వీళ్లిద్దరే.

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో రెండు మూలలూ పట్టుకోవాలి, బిగించి లాగాలి, దులపాలి, నిలువుగా ఒక మడత, దాని మీద ఇంకో మడత. అప్పుడు ఒకరికొకరు ఎదురు నడిచి మూలలు కలపాలి. ఒకరి వేళ్లలోంచి ఇంకొకరి వేళ్లలోకి మూలలు మారతాయి. ఈ పనిలో ఒక చిత్రం ఉంది. ఒకరు ఎంత చురుకైనవాళ్లయినా రెండోవాళ్లు వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే ఆ జంటలో ఆలస్యం ఎవరిదో పక్కన నిలబడి చూసేవాడికి అంతుపట్టదు. నిజం చెప్పాలంటే, మడిచేవాళ్లకే ఒక్కోసారి తెలియదు.

నిదానం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఇస్త్రీ దగ్గర పనిచేసే వదిన పెట్టింది. ఆమె అందరికీ వదినే, అందరినీ ఏదో ఒకటి అనకపోతే ఆమెకి పొద్దుపోదు. పేరు పెట్టిన రోజున అక్క బల్ల దగ్గర్నుంచి కదలకుండానే, నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు, నీ తొందరకి కాలిపోయిన దిండు గలీబులు బయటికి తియ్యమంటావా అని అడిగింది. వదిన నవ్వేసింది. పేరు నిలిచిపోయింది కానీ అందులో ముల్లు ఆ రోజే విరిగిపోయింది.

ఒకప్పుడు నిదానం మెట్లు రెండేసి ఎక్కిన మనిషి. ఇదంతా ఎప్పుడు మొదలైందో తెలియదు. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉండేవి. కనుబొమల చివరలు రాలిపోయాయి. వేలి ఉంగరం బిగుసుకుపోతే కత్తిరించి తీయించాల్సి వచ్చింది. తినేది పిడికెడు, ఒళ్లు చూస్తే గాలి పీల్చినా వచ్చేస్తున్నట్టుండేది. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఫోన్లో కొత్తవాళ్లు ‘అన్నా’ అని పిలిచేవాళ్లు. అందరూ ఉక్కపోతతో అల్లాడే రోజుల్లో ఆమె రెండు స్వెట్టర్లు వేసుకునేది. నిలబడే నిద్రపోయేది. వ్యాను నడిపే మొగుడు, రోగమూ లేదు గీగమూ లేదు, ఒంటి నిండా బద్ధకం అనేవాడు. ఆమె కూడా అది నిజమేననుకుని తనని తానే తిట్టుకునేది. అన్నిటికంటే పాపం అనిపించేది అదే.

ఒకరోజు మూలలు కలిపేటప్పుడు అక్క ఆమె మెడకేసి చూసింది. గొంతు దగ్గర చిన్న వాపు. తన తల్లి కూడా ఇలాగే చలి చలి అంటూ, నిద్రపోతూ బతికిందనీ, ఇంట్లో అందరూ మొద్దు అన్నారే తప్ప ఒక్కరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదనీ చెప్పింది. మర్నాడు తనే క్లినిక్‌కి లాక్కెళ్లింది. రక్తపరీక్ష చేశారు. థైరాయిడ్ అన్నారు. ఆ మాట వినగానే నిదానం ఏడ్చింది. భయపడి కాదు. బద్ధకం కాదని ఎవరో కాగితం మీద రాసిచ్చినందుకు.

కానీ అక్కడే ఒక పొరపాటు జరిగింది. అక్క రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో టీ తెచ్చేది. నిదానం లోపలికి రాగానే మూతలో టీ పోసి, ముందు మాత్ర, తర్వాతే పని అని దగ్గరుండి మింగించేది. ఇంట్లో ఉంటే మర్చిపోతుందని మాత్రల సీసా కూడా తన సంచిలోనే పెట్టుకుంది. ఒక్కరోజు తప్పలేదు. రోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. డాక్టరమ్మ మోతాదు పెంచింది, మళ్లీ పెంచింది. చివరికి ఈ మధ్య అక్క కూడా వెంట వెళ్లి, నా చేతుల్తో నేనే మింగిస్తున్నానండీ, అదీ వేడివేడి టీతో అని గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, తర్వాత గంటసేపు టీ కాఫీలు ముట్టకూడదు, టీతో కలిస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు అంది. మొదటిరోజే చెప్పానని కూడా అంది. చెప్పే ఉంటుంది, అక్క ఆ రోజు గది బయటే కూర్చుంది. ఆ రోజుల్లో నిదానానికి సగం మాటలు చెవిదాకా వచ్చి ఆగిపోయేవి.

తిరుగు దారిలో బస్సు దిగేటప్పుడు, చేజేతులా చేశాను కదే అంది అక్క. నిదానం చాలాకాలం తర్వాత ఆ బొంగురు గొంతుతోనే నవ్వింది. నీ టీ అంత బాగుంటుందక్కా, తాగితే మందు కూడా తన పని మర్చిపోయింది అంది. అక్క నవ్వలేదు.

ఇప్పుడు మాత్రలు ఇంట్లోనే ఉంటున్నాయి. బద్ధకం అన్న మొగుడే పొద్దున లేస్తూ మంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టి పోతున్నాడు. నోటితో మాత్రం ఏమీ ఒప్పుకోడు. పొద్దున కళ్లు తేలిగ్గా తెరుచుకుంటున్నాయి. మొన్న ఆదివారం ఆగకుండా మెట్లెక్కింది. వేళ్లలో బిగువు మాత్రం ఇంకా పోలేదు. ఒళ్లు దారికి రావడానికి ఇంకొన్ని నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది.

ఆ కొన్ని నెలలే ఇప్పుడు కరువయ్యాయి. కొత్త ఇస్త్రీ యంత్రం వచ్చాక వదిన పని సగం తగ్గింది, ఇకనుంచి ఆమె మడతలకి కూడా వస్తుంది, కాబట్టి మడతల బల్ల దగ్గర నెలాఖరుకి ఒకరు తగ్గాలి అన్నారు. ఇవాళే నెలాఖరు. తీసేస్తే తననే తీసేస్తారని నిదానానికి తెలుసు. అయినా లోపల్లోపల ఒక ఆశ. అక్క పెద్దది. ఆవిడ కూడా మెల్లగానే మడుస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అక్క దుప్పటిని ముందుకి లాగింది లేదు. పాపం వయసు మీద పడింది, నేను కాబట్టి సర్దుకుపోతున్నాను అని ఒకటి రెండుసార్లు జాలిపడింది కూడా. ఇద్దరం ఒకటే అయితే, పెద్దావిడనే కదా తీసేస్తారు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమెకి సిగ్గేసేది. సిగ్గేసినా ఆలోచన పోయేది కాదు.

భోజనాల ముందు మేనేజరు స్వయంగా కిందికి దిగాడు. వెనకాల ఒక అడుగు దూరంలో సూపర్‌వైజరు, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల ముందే అక్కా, నిదానమూ ఒక దుప్పటి మడిచి రెండోది అందుకున్నారు. నిదానం వేళ్లు అసలే మాట వినవు, ఎవరైనా చూస్తుంటే మరీ వినవు. మూల జారి నేల మీద పడింది. పడింది కాబట్టి మళ్లీ ఉతకాలి.

ఎప్పుడూ ఇంతేనా, ఈ ఆలస్యం ఎవరిది అని మేనేజరు అడిగాడు.

“నాదేనండీ,” అంది అక్క. “కళ్లు సరిగ్గా ఆనట్లేదు, మోకాళ్లు వంగట్లేదు. ఈమె నాకోసం ఆగుతుంది.”

నిదానానికి ముందు గుండె తేలికపడింది. అది నిజం. మరుక్షణం కాదు అనబోయింది. ఆమెకి ఇప్పటికీ మాట కూడా మెట్లెక్కి రావాలి. అది వచ్చేలోపు మేనేజరు తలూపి వెళ్లిపోయాడు. అక్క కింద పడిన దుప్పటిని ఉతికే బుట్టలో వేసి ఇంకోటి తీసింది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. మూత పెట్టేసి లేచి సూపర్‌వైజరు గదికి వెళ్లింది. అతను కుర్రవాడు, చెడ్డవాడు కాదు, పైవాళ్లు అడిగేదానికీ కిందివాళ్లు పడేదానికీ మధ్య నలిగిపోయే రకం. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, మొత్తం చెప్పింది. పొద్దున అక్క చెప్పింది అబద్ధమని, ఆలస్యం తనదని, జబ్బు ఫలానా అని, మందు పనిచేస్తోందని, కానీ పూర్తిగా తగ్గలేదని, తీసేస్తే తననే తియ్యమని. అంత పొడుగు మాట ఆమె ఈ హోటల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

“మీ ఇద్దరితో చావొచ్చిందమ్మా నాకు,” అన్నాడు. “ఆవిడేమో నాదంటుంది, నువ్వేమో నీదంటావు. అక్క పోయిన వారమే మానేస్తానని చెప్పేసింది. ఇవాళే ఆఖరు. అయినా మేనేజరు గారు తన కళ్లతో చూస్తానని దిగారు. నీకు చెప్పలేదా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నీ మందు సంగతి కూడా చెప్పింది. కొన్నాళ్లు ఆగి చూడమంది. చూస్తానని మాటిచ్చాను.”

నిదానం గోడ పట్టుకుని వెనక్కి వచ్చింది. మడతల గది గుమ్మం దగ్గరకి వచ్చి ఆగిపోయింది.

లోపల అక్క, వదినతో కలిసి మడుస్తోంది. దుప్పటి గాల్లోకి లేచింది, దిగేలోపే సగమైంది, ఇంకో సగమైంది, అక్క ఎదురు నడిచి మూలలు అందించి వెనక్కి వెళ్లి అప్పుడే వేరేదాన్ని దులుపుతోంది. మోకాలు నొప్పి అడుగులో తెలుస్తూనే ఉంది. అయినా చేతులు మాత్రం నీళ్లు పారినట్టు పారుతున్నాయి. ఈ గదిలో అందరికంటే చురుకు తనేననుకునే వదిన చెమటలు కక్కుతూ, అక్కా, కాస్త ఆగు, నావల్ల కావట్లేదు అంటోంది.

నిదానం అక్కని అలా ఎప్పుడూ చూడలేదు. చూసే వీలే లేదు. ఎప్పుడూ అవతలి చివర తనే ఉంది.

అక్క తలెత్తింది. గుమ్మంలో ఈమె కనిపించగానే, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ అడుగు చిన్నదైపోయింది. వదిన ఇద్దర్నీ చూసి, తన చేతిలో చివరల్ని నిదానానికి అందించి, మాటా పలుకూ లేకుండా ఇస్త్రీ దగ్గరకి వెళ్లిపోయింది. వదిన నోరు మూసుకోవడం కూడా ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు.

ఇద్దరూ కలిసి ఒక దుప్పటి మడిచారు.

“ఇన్నేళ్లూ నేనే నీకోసం ఆగుతున్నాననుకున్నానక్కా,” అంది నిదానం.

“అనుకోనీ అనే ఊరుకున్నా. చెప్తే పరిగెత్తేదానివి. పరిగెత్తి పడేదానివి.”

“మరి రేపట్నుంచి నువ్వేం చేస్తావు?”

తమ్ముడి కొట్లో కూర్చుంటానంది అక్క, అది వేరే ఊళ్లో, కూర్చునే పని, మోకాళ్ల సంగతి మాత్రం అబద్ధం కాదులే అంది. కొట్టు సంగతి నిజమో కాదో నిదానానికి తెలియదు. ఈ ఉద్యోగం పోతే నువ్వు మాత్రలు కొనడం మానేస్తావు, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఒళ్లు దారికొచ్చే ఆ కొన్ని నెలలూ దాటేదాకా నువ్విక్కడ పొడి నేల మీద ఉండాలి అని అక్క దుప్పటి దులుపుతూ, ఏదో పని అప్పజెబుతున్నట్టు చెప్పింది.

నిదానానికి ఏడుపు ఆగలేదు. అక్క మీద కోపం, ప్రేమ, తన మీద అసహ్యం అన్నీ ఒకేసారి వచ్చాయి. పొద్దున్నదాకా ఈ మనిషి పోతే బాగుండునని కదా అనుకుంది. ఆ మాటే అక్కకి చెప్పేసింది కూడా. అక్క విని, అనుకోవూ మరి, ప్రాణం తీపి అంది. ఏడుస్తూ మడవకు, మళ్లీ ఉతకాలి అని కూడా అంది.

సాయంత్రం దాకా మిగిలిన బుట్ట అంతా మడిచారు. నిదానం ఎంత తొందరపడబోయినా అక్క పడనివ్వలేదు, అవతలి చివర బిగించి పట్టుకుని నిలబడింది. చివరి దుప్పటికి మూలలు కలిపినప్పుడు, ఆ ఉబ్బిన వేళ్లని తన వేళ్ల మధ్య కాసేపు పట్టుకుని వదిలింది. తర్వాత వదిన దగ్గరకి వెళ్లి ఏదో చెప్పింది. వదిన ఊఁ కొడుతూ, రేపట్నుంచి దాని అడుగు చూసే అడుగేస్తాలే అనడం మాత్రం వినిపించింది.

మడిచిన దొంతర్లని బండి మీద పెట్టుకుని నిదానం లిఫ్టు దాకా వెళ్లింది. పైకి పంపించి వచ్చేసరికి గదిలో సగం దీపాలు ఆర్పేశారు. అక్క లేదు. వెనక గుమ్మంలోంచి, మామూలుగా రోజూ వెళ్లినట్టే వెళ్లిపోయిందని వదిన చెప్పింది. నిదానం పరిగెత్తలేదు. వెళ్లి అక్క నిలబడే వైపు నిలబడింది. అక్కడ నుంచి చూస్తే తను రోజూ నిలబడే చోటు అంత దూరంగా ఉంటుందని ఆమెకి ఇంతకాలం తెలియదు.

బల్ల కింద, అక్క లోపల తిరిగేటప్పుడు వేసుకునే రబ్బరు చెప్పులు వదిలేసి ఉన్నాయి. మడమల దగ్గర అరిగి పల్చబడ్డాయి. పక్కపక్కనే, ఒకటి రెండోదానికంటే అరడుగు ముందుకి, అవతల నిదానం నిలబడే వైపుకి తిరిగి ఉన్నాయి.